వాటానా, జీతమా?

విశాఖ ఫిషింగ్ హార్బరులో రెండు మర బోట్లున్న ఆయన ఒకరు. భద్రాచలం అడవుల్లో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరైన ఆయన మరొకరు. వియ్యంకులు కాబట్టి ఒకరినొకరు బావగారూ అని గౌరవంగానే పిలుచుకుంటారు, గౌరవం తగ్గకుండానే పోట్లాడుకుంటారు. మనుషులు నా కల్పన. వాళ్ల నోట పెట్టిన వాదాలు మాత్రం రేవుల్లో, ఆకు కల్లాల్లో ఏళ్ల తరబడి నలుగుతున్నవే. సముద్రంలో, అడవిలో ఒళ్లు వంచేవాడికి డబ్బు ఏ పద్ధతిలో ముట్టాలి? తగువు అక్కడ.

ఫారెస్టు బావగారు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. కళాసీలంతా నా వాటాదారులేనని ఏడాది పొడుగునా చెబుతారు కదా బావగారూ, మరి ఆ రెండు నెలలూ మీ వాటాదారులకి మీరిచ్చేదేమిటి?

బోటు బావగారు: వేటే లేకపోతే వాటా ఎక్కడినుంచి వస్తాది? నాకూ సున్నాయే. బ్యాంకోడు మాత్రం వాయిదా ఆపడు. అయినా వాళ్లకి ప్రభుత్వం ఇస్తంది కదా. ఒకప్పుడు నాలుగు వేలు, 2019లో పది వేలు చేసినారు, 2025 ఏప్రిల్లో బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రే వచ్చి ఇరవై వేలు చేసి ఎళ్లినారు.

ఫారెస్టు బావగారు: ఇరవై వేలని 61తో భాగించండి. రోజుకి 328 రూపాయలు. అదీ ఇంటికంతటికీ. ఆ సంగతి అలా ఉంచి, నా ప్రశ్న ఇంకోటి. వాటాదారు అంటే వ్యాపారంలో భాగస్తుడు. ఏ వ్యాపారంలోనైనా భాగస్తుడు పని లేని రెండు నెలల కోసం ప్రభుత్వం ముందు చెయ్యి చాస్తాడా?

బోటు బావగారు: మీరు కాయితాల మనిషి, అందుకే అలా అడుగుతున్నారు. వాటా అంటే ఏటో మీకు చెప్తాను, ఇనండి. బోటు పదిహేను రోజులు సముద్రంలో ఉంటాది. సరంగు ఒకడు, కళాసీలు ఆరుగురు. రాత్రి రెండుకి వల లాగాలన్నా లెగవాలి, తెల్లారి నాలుగుకి మళ్లీ వెయ్యాలన్నా లెగవాలి. నెలజీతం ఇచ్చి చూడండి, ఎవడు లెగుస్తాడో! చేప ఎక్కడుందో చూసే కన్ను సరంగుది. వలలో పడ్డది చెడిపోకుండా ఐసులో సర్దే చెయ్యి కళాసీది. పడినదాంట్లో తనకీ పాలుందని తెలిస్తేనే ఆ కన్నూ ఆ చెయ్యీ పన్జేస్తాయి. మా తాతల నాడు తెప్పల మీద ఎళ్లినప్పుడూ పాలే. వలకో పాలు, తెప్పకో పాలు, మనిషికో పాలు. మా రేవులో కూలీ అన్న మాటంటే కొట్టడానికొస్తారు.

ఫారెస్టు బావగారు: తెప్ప నాటి పాలు నాకూ నచ్చుతుంది. అప్పుడు వల విలువ ఎంత, తెప్ప విలువ ఎంత? నలుగురూ కలిసి దుంగలు కట్టుకుంటే తెప్ప. ఇప్పుడు మీ బోటు లక్షల సరుకు. డీజిలు, ఐసు, ఇంజను, వైర్‌లెస్సు. పాత ఆచారం పేరు చెప్పి కొత్త లెక్క నడుపుతున్నారు. సరే, మీ బోటు లెక్కే వేద్దాం. ట్రిప్పుకి నాలుగు లక్షల చేప పడిందనుకోండి. ఖర్చెంత?

బోటు బావగారు: రేట్ల మీద ఆధారపడుంటాది. డీజిలు, ఐసు, తిండి సామాను, వేలం కమీషను అన్నీ కలిపి రెండు లక్షల ఎనభై అనుకోండి. అందులో సగానికి పైగా డీజిలే మింగేస్తాది.

ఫారెస్టు బావగారు: మిగిలింది లక్షా ఇరవై. దాన్ని ఎలా పంచుతారు?

బోటు బావగారు: ఒక్కో రేవుది ఒక్కో ఆచారం. నా బోట్లో మూడింట రెండొంతులు బోటుకి, ఒక వంతు మనుషులకి. సరంగుకి రెండు పాళ్లు, మిగతా ఆరుగురికీ ఒక్కోటి.

ఫారెస్టు బావగారు: మనుషులకి నలభై వేలు, ఎనిమిది పాళ్లు. కళాసీకి ఐదు వేలు. పదిహేను రోజులకి రోజుకి 333 రూపాయలు. పని ఎనిమిది గంటలు కాదు, ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడు పిలిస్తే అప్పుడు. 2025–26లో ఊళ్లో ఉపాధి హామీ పనికి వెళ్లినవాడికి రోజుకూలి 307. ఒడ్డున మట్టి తవ్వినవాడికీ నడిసముద్రంలో వల లాగినవాడికీ తేడా 26 రూపాయలు. ఇప్పుడు చేప కాస్త తగ్గి, నాలుగు లక్షలు మూడున్నర అయిందనుకోండి. పడ్డ చేప విలువ ఎనిమిదింట ఒక వంతు తగ్గింది, అంతే. డీజిలు తగ్గదు. మిగులు డెబ్బై వేలు, మనుషుల వంతు ఇరవై మూడు వేల చిల్లర, కళాసీకి 2,900. రోజుకి 194. చేప ఎనిమిదింట ఒక వంతు తగ్గితే వాడి సంపాదన ఐదింట రెండు వంతులు పోయింది. దీన్ని మీరు భాగస్వామ్యం అంటారు. నాకు మాత్రం నష్టాన్ని కిందికి నెట్టే పద్ధతిలా కనిపిస్తోంది.

బోటు బావగారు: చేప తగ్గిన ట్రిప్పే చెప్తారేటి? నాలుగున్నర పడితే? అదే లెక్కన కళాసీకి ఏడు వేలు దాటుతాది. జీతగాడికి ఆ రెండు వేలు ఎవడిస్తాడు? బంగారు ట్రిప్పులు ఎప్పుడూ రావు గానీ వచ్చినప్పుడు ఇల్లు కప్పుకున్నవాళ్లు మా పేటలో ఎంతమంది లేరు! ఇంకోటి. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో అగ్గి అంటుకుంటే నలభైకి పైగా బోట్లు తగలడిపోయినాయి. ఆ రాత్రి జెట్టీ మీద కూలబడి ఏడ్చినోళ్లు ఓనర్లు. కళాసీ మర్నాడు ఇంకో బోటెక్కాడు. నష్టం కిందికి నెట్టేస్తామంటారు, పైనున్న నష్టం ఎవడు మోస్తాడు?

ఫారెస్టు బావగారు: బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రభుత్వం ప్రకటించింది కదా! కాలిన బోట్ల మీద పనిచేసేవాళ్లంతా మర్నాడే వేరే బోటెక్కేశారంటే నేను నమ్మను. అన్ని బోట్లు ఒక్కసారి పోతే ఖాళీలెక్కడివి? సరే, ఒప్పుకుంటాను, ఓనరుకి పెట్టుబడి భయం ఉంది. కానీ ఆ భయంతో పాటు నిర్ణయం కూడా మీ చేతిలో ఉంది. ఏ ఇంజను కొనాలి, ఏ సావుకారు దగ్గర అప్పు చేయాలి, చేప ఎవరికి అమ్మాలి, ఇవన్నీ మీరు తేలుస్తారు. కళాసీ ఏ ఒక్కటీ తేల్చడు. తేల్చనివాడి మీద తప్పు లెక్కల భారం ఎందుకు?

(ఈ మాట దగ్గర బోటు బావగారు కాఫీ చల్లారిందని వంటింటి వైపు కేకేశారు. సంవాదాల్లో మౌనానికి కూడా మర్యాదైన సాకు కావాలి.)

బోటు బావగారు: జీతం, జీతం అంటన్నారు. మా సిక్కోలు కుర్రోళ్లు వేరావల్ ఎందుకెళ్తారో తెలుసా? ఆగస్టులో ఎళ్తే మళ్లీ వేసవికే రావడం. గుజరాతు బోట్ల మీద వాటా లేదు, నెలజీతం. ముందు అడ్వాన్సు ఇస్తారు, ఆ అడ్వాన్సు తీరేదాకా బోటు దిగడానికి లేదు. 2018 నవంబరులో పాకిస్తానోళ్లు పట్టుకెళ్లిన మనోళ్లు 2020 జనవరికి గానీ వాఘా దాటి రాలేదు. ఆళ్ల కత మీద 'తండేల్' సినిమా వచ్చి జనం చప్పట్లు కొట్టినారు. జీతగాడు సరిహద్దు ఎక్కడుందో అడగడు బావగారూ, బోటు నడిపే తండేలు ఎటు తిప్పితే అటే ఎళ్తాడు. వాటాదారైతే ఏంట్రా ఇంత దూరం అని అడుగుతాడు.

ఫారెస్టు బావగారు: సరిహద్దు దాటించింది జీతమా, ఓనరు ఆశా? అది వదిలేయండి. మీ వాటా అంత గొప్పదైతే వాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి దేశం అటు కొసకి జీతానికెందుకు పోతున్నారు? మీరే చెప్పండి.

బోటు బావగారు: సిక్కోల్లో పెద్ద బోట్లు కట్టుకోడానికి హార్బరు లేదు, అందుకు. చిన్న పడవల మీద పడేది ఇంటి కూరకే చాలదు.

ఫారెస్టు బావగారు: అది ఒక కారణం. ఇంకోటి ఉంది. పెళ్లి చేయాలన్నా, అప్పు తీర్చాలన్నా నెలకింత అని ముందు తెలియాలి. వాటా రేపటి మాట చెప్పదు. ఆ తెలియడం కోసమే వాళ్లు అంత దూరం పోతున్నారు, ప్రమాదం తెలిసి కూడా.

బోటు బావగారు: మా రేవు మీద బాగానే కూర్చున్నారు గానీ, ఇప్పుడు మీ అడవిలోకి నడవండి. అక్కడ జీతాలు ఎలా ఏడుస్తున్నాయో చూద్దాం. తునికాకు కట్టకి ఎన్ని ఆకులు?

ఫారెస్టు బావగారు: యాభై.

బోటు బావగారు: వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బ్యాగు. మీ చర్ల అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఆ బ్యాగుకి 2019లో రెండున్నర వేల నుంచి నాలుగు వేలు చేసినారు, 2024లో ఐదున్నర వేలు. మంచి రేటని పేపర్లు రాసినాయి. అంటే కట్టకి ఐదున్నర, ఆకుకి పదకొండు పైసలు. మీరు ఇందాక చెప్పిన ఉపాధి కూలి 307 రావాలంటే 56 కట్టలు, 2,800 ఆకులు. ఒక్కో ఆకూ చూసి, చిల్లు లేనిది కోసి, మోసుకొచ్చి, వరస పేర్చి, నారతో కట్టి, కల్లం దాకా తీసుకెళ్లాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? తెల్లారకముందే మొగుడూ పెళ్లాం అడవికి పోతారు, మధ్యాహ్నం ముసలమ్మా పిల్లలూ ఇంటికాడ కట్టలు కడతారు. కూలి పుస్తకంలో మాత్రం ఒక్కడి పేరే. నా కళాసీకి 333 అని ఎక్కిరించారు కదా, మీ లెక్కలో ఇంటిల్లిపాదీ చేసినా 307 వస్తే గొప్పే.

ఫారెస్టు బావగారు: అది జీతం కాదు, రేటు. ముక్కకింత అని కట్టేది. నేను జీతం గురించి మాట్లాడుతున్నాను.

బోటు బావగారు: చూశారా, నా దగ్గరికొచ్చేసరికి జీతం, మీ దగ్గరికెళ్లేసరికి రేటు.

ఫారెస్టు బావగారు: తప్పించుకోవడం లేదు. ముక్క కూలి మీద చట్టం ఏమంటుందో చెబుతాను. 1948 కనీస వేతనాల చట్టంలో పదిహేడో సెక్షన్ ఉండేది. రోజుకి కనీస వేతనం నిర్ణయమై ఉండి, ముక్క రేటు నిర్ణయం కాకపోతే, ముక్క పని చేసినవాడికి కూడా రోజు వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని. కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయించడం వెట్టితో సమానమని ఏషియాడ్ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తీసుకుని ఆకు కల్లానికి వెళ్లిన ఆఫీసరు మాత్రం నా సర్వీసులో నాకు కనపడలేదు. నేను కూడా వెళ్లలేదు.

బోటు బావగారు: రేటు పెరిగిందెప్పుడో మీకూ తెలుసు కదా. 1980ల్లో ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అడవుల్లో అన్నలొచ్చి కాంట్రాక్టర్లతో గొడవ పడితే పైసల్లో ఉన్నది రూపాయిల్లోకి ఎదిగింది. చట్టం పెంచలేదు. దాని ముందు మన మన్యంలో? గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి తోలి, కూలి సరిగ్గా ఇవ్వక కొండోళ్లని కాల్చుకు తిన్నాడు. 1922లో అల్లూరి సీతారామరాజు ఎనక మన్యం అంతా నడిచిందంటే ఆ కూలి మంట కూడా ఒక కారణం. అడవిలో కూలి ఎగ్గొట్టడం మీ డిపార్ట్‌మెంటుకి ఎన్నేళ్ల అలవాటు!

ఫారెస్టు బావగారు: బాస్టియన్ రెవెన్యూ వాడు బావగారూ. మావాడు కాదు!

బోటు బావగారు: పోడు ఆపి ఆళ్లని కూలికి తోలింది మీ ఫారెస్టు చట్టమే కదేటి? 1882 మద్రాసు అటవీ చట్టం. పొలం లాక్కున్నాడు మీవాడు, కూలి ఎగ్గొట్టాడు రెవెన్యూ వాడు. పాలు పంచుకున్నారన్నమాట.

ఫారెస్టు బావగారు: ఆ దెబ్బ తగిలింది. కానీ ఒక్క సంగతి మీరు చెప్పలేదు. మనవైపు తునికాకు యూనిట్లు కాంట్రాక్టర్లు వేలంలో పాడతారు. ఏరినవాడికి కట్టకింత కూలి ఎటూ ఇస్తారు. దాని పైన, వేలం డబ్బులో ఖర్చులు పోను మిగిలింది ఏరినవాళ్లకే బోనస్‌గా తిరిగి పోవాలి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక తునికాకు, వెదురు లాంటివి అడవిలో ఉన్నవాళ్ల సొత్తే. అంటే కూలి ముందు, వాటా తరవాత. మీ సముద్రంలో వాటా ఒక్కటే, కింద ఏమీ లేదు. మాది రెండంచెలు. ఆకు ధర పడిపోయినా కట్ట కూలి ఆగదు. ధర పెరిగితే బోనస్. పద్ధతి ఇలా ఉండాలి.

బోటు బావగారు: పద్ధతి భేషుగ్గా ఉంది. ఆ బోనస్ ఏ ఏడాది ఆకుది ఏ ఏడాది చేతికొస్తాది?

ఫారెస్టు బావగారు: ఆలస్యమవుతుంది.

బోటు బావగారు: ఎంత ఆలస్యం?

ఫారెస్టు బావగారు: ఏళ్లు. కార్డు ఒకరి పేరున, ఖాతా ఇంకొకరి పేరున, ఆధార్‌లో పేరు మరోలా. ఏరిన ముసలమ్మ చనిపోతే వారసులెవరో తేల్చడానికి ఇంకో ఏడాది. ఒప్పుకుంటున్నాను.

బోటు బావగారు: నా కళాసీకి బోటు ఒడ్డుకొచ్చిన సాయంత్రమే డబ్బు. ఏలం అయింది, లెక్క అయింది, చేతిలో పడింది. తక్కువో ఎక్కువో, ఆ రోజు ఇంట్లో పొయ్యి ఎలుగుతాది. మీ జీతగాళ్ల సంగతీ చెప్పండి. నల్లమల బేస్ క్యాంపుల్లో పులికి కాపలా కాసే చెంచులు ఉన్నారు కదా?

ఫారెస్టు బావగారు: ఉన్నారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. అడవి వాసన పట్టి పులి ఎటు పోయిందో చెప్పేది ఆ చెంచు వాచర్లే. పద్ధతి రోజుకూలి. బడ్జెట్ రాలేదన్న మాట మీద కూలి నెలలు ఆగడం నేను చూశాను. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస మొత్తమైనా ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సచివాలయం ఫైళ్ల దాకా వెళ్లింది, అడవి దాకా నడవలేదు.

బోటు బావగారు: ఇంకా జీతం కావాలా? కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఎళ్లి చూడండి. చేపల చెరువు గట్టు మీద రేకుల పాక. మొగుడూ పెళ్లాం అందులోనే ఉంటారు. పొద్దున మేత, మధ్యాహ్నం మేత, రాత్రి ఏరేటర్లు ఆగకుండా చూడాలి, దొంగలు రాకుండా లాంతరేసుకు తిరగాలి. జీతం మొగుడికి. పెళ్లాం పని ఉచితం. ఆదివారం లేదు, పండగ లేదు. నెలజీతం అని ఒకటి తారీకున ముడతాది, నిజమే. గంటకెంతో లెక్కేస్తే నా 333 ముందు నిలవదు.

ఇంతలో బోటు బావగారి భార్య కాఫీ గ్లాసులతో వచ్చారు. పెళ్లికి ముందు రేవులో చేపల గంప ఎత్తినావిడ.

బోటు బావగారి భార్య: అన్నయ్యగారూ, ఈయనతో వాదించి మీరు అలిసిపోతారు. రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడోళ్లని అడగండి. కేజీకింత. రొయ్య చిన్నదైతే కేజీకి ఎక్కువసేపు పడతాది, రేటు మారదు. 2025 ఆగస్టులో అమెరికావోడు మన సరుకు మీద సుంకం యాభై శాతం చేసినాడని కొనేవాళ్లు కొనడం తగ్గించినారు. పెట్టుబడి పెట్టినోడికి నష్టమొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ షెడ్డుకి రావద్దని మొదట చెప్పింది ఈళ్లకే. షెడ్డోళ్లని రోజుకూలి ఇమ్మంటే కేజీకింతంటారు. చెరువు కాడ కేజీకింత ఇమ్మంటే నెలజీతమంటారు. ఈయన్ని నెలజీతం ఇమ్మంటే వాటా అంటారు. డబ్బిచ్చేవాడికి ఏది చవకో అదే ఆ పనికి ఆచారం.

బోటు బావగారు: నీకు తెలీదు, ఉండు.

బోటు బావగారి భార్య: వేలంలో చేప ఎంతకి పోయిందో నాకు తెలుసు. సావుకారు పద్దులో ఎంత రాశాడో కూడా తెలుసు. రెండూ ఒకటి కావు.

(ఆవిడ వెళ్లిపోయారు. నిజానికి తగువు ఇక్కడే మలుపు తిరిగింది, ఇద్దరు మగాళ్లూ వెంటనే పట్టించుకోకపోయినా.)

ఫారెస్టు బావగారు: చెల్లెమ్మ చెప్పినదాని సంగతేమిటి?

బోటు బావగారు: సావుకారు దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్నాక చేప ఆయనకే పొయ్యాలి. రేటు కేజీకి కొంచెం తక్కువ కడతాడు, కమీషను పట్టుకుంటాడు. వడ్డీ లేదంటాడు గానీ వడ్డీ ఆ తేడాలోనే ఉంటాది. నేనేం చేస్తాను? బ్యాంకు బోటుకి అప్పిస్తాది గానీ ప్రతి ట్రిప్పు డీజిలుకి ఇవ్వదు.

ఫారెస్టు బావగారు: అంటే మీరు తీసుకున్న అప్పుకి వడ్డీ మీ కళాసీ వాటాలోంచి కూడా పోతోంది. అప్పు మీది, వడ్డీ అందరిదీ. ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. డీజిలు మీద లీటరుకి తొమ్మిది రూపాయల రాయితీ 2019 నుంచి ఉంది. మనుషుల వంతు లెక్క కట్టేటప్పుడు డీజిలు ఖర్చు రాయితీ తీసేసి రాస్తారా, తీయకుండా రాస్తారా?

బోటు బావగారు: రాయితీ ఎప్పుడో వస్తాది. ట్రిప్పు లెక్క ఆ సాయంత్రం అయిపోతాది.

ఫారెస్టు బావగారు: తీయకుండా రాస్తారు. ఎప్పుడో వచ్చినప్పుడు పంచరు.

బోటు బావగారు: అడిగినోడు లేడు.

ఫారెస్టు బావగారు: అడగడానికి వాడి చేతిలో కాగితం ఏది? నోటి లెక్క! నేను వాటా మానేయండి అనడం లేదు ఇప్పుడు. పద్దు చూపించండి అంటున్నాను. ట్రిప్పుకి ఒక చీటీ. చేప ఎంతకి పోయింది, డీజిలు ఎన్ని లీటర్లు, రాయితీ ఎంత, కమీషను ఎంత, పాలు ఎంత. కేరళలో 2021లో చేపల వేలానికే ఒక చట్టం తెచ్చి కమీషను ఐదు శాతం దాటకూడదన్నారు. అమెరికాలో కనీస వేతనం చట్టం 1938లో తెచ్చినప్పుడే చేపల వేటని అందులోంచి తప్పించారు, అక్కడ కూడా మీలాంటి ఓనర్లున్నారు. అయినా ఇరవై టన్నులు దాటిన చేపల బోటు వేటకి బయల్దేరే ముందు కళాసీతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వాటా ఎలా కడతారో అందులో రాయాలి. కనీస వేతనం ఇవ్వమన్న దేశం కాదది, లెక్క రాసివ్వమన్నది.

బోటు బావగారు: రాసిస్తే రేపు ఆ చీటీ పట్టుకుని సావుకారు దగ్గరికెళ్తారు. ఆయన నాకు డీజిలు ఆపేస్తాడు. మీకు తెలీదు, రేవులో ఓనరుకి పైన ఇంకో ఓనరున్నాడు. చీటీ నేనొక్కడినే రాస్తే నా బోటే ఒడ్డునుంటాది. అందరి చేతా రాయించండి, రాస్తాను. ఇంతకీ మీ కల్లాల్లో పద్దు సరిగ్గా ఉండేదా?

ఫారెస్టు బావగారు: కల్లేదారు వందకి కొన్ని కట్టలు కొసరు లాగేవాడు. ఆకు చిన్నదని కొన్ని తీసి పక్కన పడేసేవాడు, సాయంత్రానికి అవే బస్తాలోకెక్కేవి. ఎంచే మనిషి కాంట్రాక్టరు మనిషి. మా గార్డు పక్కన నిలబడి చూసేవాడు, కొన్నిసార్లు చూడనట్టు చూసేవాడు. కూలి రేటు పెంచమని రాసిన ఫైళ్లు చాలా చూశాను. కట్టల లెక్క ఎంచేవాడిని మార్చమని రాసిన ఫైలు ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు.

బోటు బావగారు: మరి కొత్త చట్టం ఒకటొచ్చిందన్నారు కదా మొన్న?

ఫారెస్టు బావగారు: వేతనాల కోడ్. 2019లో పార్లమెంటు ఆమోదించింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. పాత చట్టంలో జాబితాలో ఉన్న పనులకే కనీస వేతనం. ఇప్పుడు ఉద్యోగి అన్న ప్రతివాడికీ.

బోటు బావగారు: ఉద్యోగికి. నా కళాసీ ఉద్యోగి కాదు, వాటాదారు.

ఫారెస్టు బావగారు: అందుకే మీరు ఆ మాట వదలరు!

వాళ్లు అక్కడితో ఆపారు, ఏకాభిప్రాయం వచ్చి కాదు, భోజనాలకి పిలుపొచ్చి. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పే బాధ్యత రాసినవాడి మీద పడింది గనక చెబుతాను. వాటా మీద బోటు బావగారికున్న అభిమానం బూటకం కాదు. సముద్రంలో పని చేయించేది పడిన చేపలో తన పాలుందన్న నమ్మకమే. కానీ ఆయన బోటు లెక్కలోనే, చేప కాస్త తగ్గిన ట్రిప్పున కళాసీ రోజుకూలి ఉపాధి హామీ కూలి కంటే కిందికి జారింది. కూలి అంత కిందికి జారకూడదు. వేటకి వెళ్లిన ప్రతి రోజుకీ కనీస వేతనానికి తగ్గని మొత్తం బోటు ఖర్చుల్లో మొదటి పద్దుగా రాయాలి, డీజిలుకి రాసినట్టే. వాటా దానిపైన. డీజిలుని ఎవరూ నష్టంలో భాగం పంచుకోమని అడగరు కదా. తునికాకుకి కాగితం మీద ఈ రెండంచెల పద్ధతి ఇప్పటికే ఉంది. అక్కడ కావలసింది బోనస్ ఆ సీజను ముగిసిన ఏడాదిలోనే ఖాతాలో పడటం, కట్టలు ఎంచే మనిషిని ఏరేవాళ్లే పెట్టుకోవడం. చీటీ విషయంలో బోటు బావగారి మాట న్యాయమైనదే. ఒక్క ఓనరు రాస్తే నలిగిపోతాడు. మత్స్యశాఖ బోటు లైసెన్సు రెన్యువల్‌కీ డీజిలు రాయితీకీ ట్రిప్పు చీటీని షరతుగా పెడితే హార్బరులో అందరూ ఒక్కరోజులో రాస్తారు.

దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. చేపల వేటలో పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం వాటాకి వెళ్లేవాడిని కూడా కార్మికుడిగానే లెక్కిస్తుంది. వాటా ఎంత, దాన్ని ఎలా లెక్కకడతారు అన్నది ముందే రాసి ఇవ్వాలంటుంది. ఆ ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.